హెచ్2లో మిగిలిపోయిన బంటు

చదరంగంలో రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్ (ఆట ఆరంభించే పద్ధతి) ఆడుతూ నాలుగో ఎత్తుకే బిషప్‌ని గుర్రానికి ఇచ్చేసే కుర్రాళ్ళంటే, మేం టోర్నమెంట్లు ఆడే రోజుల్లో పెద్ద ఆటగాళ్ళకి చిన్నచూపు. ‘డ్రా కోసం వచ్చాడు’ అని నవ్వేవాళ్ళు. ఆ కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. వాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. క్వీన్లు తొందరగా బోర్డు దిగిపోతే ఇరవై ఎత్తుల్లో మేట్ అయిపోతామన్న టెన్షన్ ఉండదు. ఎదురుగా కూర్చున్నది మనకంటే చాలా పెద్ద ఆటగాడైతే ఆ మాత్రం ధైర్యం ఎంతో పని చేస్తుంది.

ఆ ఎత్తులు ఇవి (బోర్డు నిలువు గీతలకి ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి తెల్లవాడి వైపు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు). ఇ4కి ఇ5. తెల్ల గుర్రం ఎఫ్3కి, నల్ల గుర్రం సి6కి. తెల్ల బిషప్ బి5కి. ఇంతవరకూ రూయ్ లోపెజ్. 1561లో చదరంగం మీద పుస్తకం రాసిన స్పెయిన్ మతగురువు పేరే దానికి స్థిరపడింది. అప్పుడు నల్లవాడు ఎ6 ఆడి ‘ఏం చేస్తావు?’ అని బిషప్‌ని అడుగుతాడు. పద్ధతిగా ఆడేవాళ్ళు ఎ4కి వెనక్కి తీస్తారు. మాలాంటివాళ్ళు టక్కున గుర్రాన్ని కొట్టేస్తారు. నల్లవాడు డి బంటుతో బిషప్‌ని కొడతాడు, సి గీత మీద ఒకదాని వెనక ఒకటిగా జంట బంట్లు తయారవుతాయి. దీన్నే ఎక్స్‌ఛేంజ్ వేరియేషన్ అంటారు. ఓపెనింగ్‌లని వరసపెట్టే జాబితాలో దీని కోడ్ సి68, సి69.

దీని వెనకున్న లెక్క నాకు మొదటిసారి అర్థమైన రోజు పెద్ద రహస్యం దొరికినట్టు పొంగిపోయాను. కాసేపటికి తెల్లవాడు డి4 ఆడతాడు, ఆ బంట్లు మారిపోతాయి. ఇప్పుడు రాజు వైపు తెల్లవాడికి నాలుగు బంట్లు, నల్లవాడికి మూడు. అటువైపు నల్లవాడికి నాలుగున్నా రెండు ఒకే గీత మీద ఇరుక్కున్నాయి కాబట్టి, తెల్లవాడి మూడు బంట్లు వాటిని ఆపేయగలవు. అంటే పావులన్నీ తీసేసి రాజుల్నీ బంట్లనీ మాత్రమే ఉంచితే తెల్లవాడు గెలుస్తాడు. నాలుగో ఎత్తుకే ఆట చివరి పేజీ మన జేబులో ఉందన్నమాట! బదులుగా నల్లవాడికి దక్కేది బిషప్‌ల జంట. ఆ జంట ఎంత ఇబ్బంది పెడుతుందో పుస్తకాలు కాస్త తక్కువే చెబుతాయి.

ఇది డ్రా ఓపెనింగ్ అనేవాళ్ళకి చెప్పడానికి మా దగ్గర రెండు కథలుండేవి. 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో క్యూబా కుర్రాడు కాపబ్లాంకా ముందంజలో ఉన్నాడు, అప్పటి ప్రపంచ ఛాంపియన్ లాస్కర్‌కి గెలుపు కావాలి. గెలిచి తీరాల్సిన ఆటలో లాస్కర్ ఎంచుకున్నది ఈ ఎక్స్‌ఛేంజ్‌నే. ఏడో ఎత్తుకల్లా క్వీన్లు లేవు. పన్నెండో ఎత్తులో ఎఫ్5 తోశాడు. ఇ4 బంటుని బలహీనం చేసే ఎత్తులా కనిపిస్తుంది గానీ, నాలుగు ఎత్తుల తర్వాత తెల్ల గుర్రం వెళ్ళి ఇ6లో పాతుకుపోయింది. అక్కణ్ణించి కాపబ్లాంకాకి ఊపిరాడలేదు. ఆ ఆటా గెలిచాడు, అర పాయింటు తేడాతో టోర్నమెంటూ గెలిచాడు. రెండో కథ అమెరికా ఆటగాడు ఫిషర్‌ది. 1966 హవానా చెస్ ఒలింపియాడ్‌లో ఇదే ఓపెనింగ్‌తో పోర్టిష్, గ్లిగోరిచ్ అనే ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లని ఓడించాడు. అయితే వెంటనే డి4 కాకుండా, ఐదో ఎత్తులో ముందు క్యాస్లింగ్ చేశాడు, అంటే రాజుని రెండు గళ్ళు పక్కకి జరిపి ఏనుగుని దాని అవతలి పక్కకి తెచ్చాడు.

ఆ క్యాస్లింగ్ ఎందుకో చెప్పాలి, ఆ తర్వాత జరిగినదంతా అక్కడే మొదలైంది. నాలుగో ఎత్తు తర్వాత ఇ5 బంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది. గుర్రంతో కొడితే నల్ల క్వీన్ డి4కి వచ్చి గుర్రాన్నీ ఇ4 బంటునీ ఒకేసారి పట్టుకుంటుంది, పోయిన బంటు తిరిగొచ్చేస్తుంది. అదే క్యాస్లింగ్ అయిపోయాక ఐతే క్వీన్ ఇ4 బంటుని కొట్టగానే ఏనుగు ఇ1కి వస్తుంది, రాజుకి అడ్డంగా నిలబడ్డ క్వీన్ చిక్కిపోతుంది. కాబట్టి ఐదో ఎత్తులో క్యాస్లింగ్ చేశాకే ఇ5 మీద బెదిరింపు నిజమవుతుంది. నల్లవాడు ఏదో ఒకటి చెయ్యాలి. ఎక్కువమంది ఎఫ్6 ఆడతారు. కాస్త దూకుడున్నవాళ్ళు బిషప్‌ని జి4కి తెస్తారు.

ఈ రెండో దానంటేనే నాకు గుండె దడ. మనం హెచ్3 ఆడి బిషప్‌ని పొమ్మంటే అది పోదు, నల్లవాడు హెచ్5 అంటాడు. ఆశపడి బిషప్‌ని కొడితే హెచ్ గీత తెరుచుకుంటుంది, మన గుర్రం పక్కకి తప్పుకోగానే క్వీన్ హెచ్4కి వచ్చి కూర్చుంటుంది. ఇక లేవక్కర్లేదు, చెయ్యి కలిపేయడమే. కొట్టకుండా ఆడితే తెల్లవాడికి బాగానే ఉంటుందని చదివాను. చదివినంత మాత్రాన దడ పోదు కదా.

నేను చెప్పబోయే ఆటలో నా ప్రత్యర్థి ఒక పెద్దాయన. రేటింగ్ నాకంటే చాలా ఎక్కువ. మాట తక్కువ. ప్రతి ఎత్తూ ముందు స్కోర్‌షీట్ మీద రాసుకుని, పెన్ను దాని మీద అడ్డంగా పెట్టి, అప్పుడు పావు కదిపేవారు. ఇప్పుడైతే అలా ముందే రాయడానికి నియమాలు ఒప్పుకోవు గానీ అప్పట్లో చాలామంది అంతే. గడియారాలు కూడా పాతవి, ముళ్ళవి. టైమ్ దగ్గరపడేకొద్దీ పెద్ద ముల్లు చిన్న ఎర్ర జెండాని పైకెత్తుకుంటూ వస్తుంది, పన్నెండు దగ్గర వదిలేస్తుంది. జెండా పడితే ఆట పోయినట్టే. ఇప్పుడు ఎత్తుకి ముప్పై సెకన్లు కలిసే గడియారాలతో ఆడేవాళ్ళకి ఆ జెండా వంక ఓరగా చూస్తూ ఎత్తులు వెయ్యడం ఎలా ఉండేదో చెప్పినా ఎక్కదు.

నేను క్యాస్లింగ్ చేసి గడియారం నొక్కాను. ఆయన చెయ్యి సి8 బిషప్ వైపు వెళ్ళినట్టే వెళ్ళి ఆగింది. చాలాసేపు ఆలోచించి ఎఫ్6 ఆడారు. అమ్మయ్య అనుకున్నాను. ఇక హెచ్3 ఆడాల్సిన పని లేదు. నా హెచ్ బంటు హెచ్2లోనే ఉండిపోయింది. ఆ సంగతికి అప్పుడు ఎవరూ ఏ విలువా ఇవ్వలేదు, నాతో సహా.

తర్వాత డి4, ఆయన కొట్టారు, నేను గుర్రంతో కొట్టాను. సి5తో ఆ గుర్రాన్ని తరిమితే అది బి3కి వెళ్ళింది, క్వీన్లు మారాయి, నా ఏనుగు డి1కి వచ్చింది. తొమ్మిది ఎత్తులు. నేను కోరుకున్న బోర్డు అచ్చంగా అదే. ఇక గంటలో చేతులు కలుపుకుని, పక్క బోర్డుల్లో మా వాళ్ళ ఆటలు చూడొచ్చనుకున్నాను. ఆ రౌండులో అన్నిటికంటే ఆఖర్న లేచిన బోర్డు మాదే. లేచింది కూడా ఆట అయిపోయి కాదు.

మధ్యలో జరిగినదంతా ఎత్తు ఎత్తునా చెబితే నాకు తప్ప ఎవరికీ ఆసక్తి ఉండదు. ఆయన బిషప్‌లలో ఒకదాన్ని నా గుర్రంతో మార్చుకోగలిగాను. ఎఫ్4, ఇ5 తోశాను, ఎఫ్ బంట్లు రెండూ పోయి నాకు ఇ5లో స్వేచ్ఛగా వెళ్ళగల బంటు మిగిలింది. పుస్తకం చెప్పినట్టే జరుగుతోందని లోపల్లోపల సంబరం. ఆయన జి5 ఆడారు, నేను జి4తో దాన్ని బిగించాను. నలభై ఎత్తులు దాటేసరికి చెరో ఏనుగే ఉంది. ఆయన డి3లో నా ఏనుగుని కొట్టారు, నేను రాజుతో కొట్టాను. పావులన్నీ పోయాయి. పుస్తకంలో ‘తెల్లవాడు గెలుస్తాడు’ అని రాసి ఉన్న పేజీకి వచ్చేశాం.

బోర్డు ఎలా ఉందో చెబుతాను, ఇంట్లో బోర్డు ఉంటే పేర్చుకుని చూడండి. నా రాజు డి3లో. బంట్లు ఎ4, బి3, సి4, ఇ5, జి4, హెచ్2. ఆయన రాజు ఇ7లో. బంట్లు ఎ5, బి6, సి5, సి7, జి5, హెచ్6. ఎత్తు ఆయనది.

అంతలో ఆర్బిటర్, అంటే పోటీ న్యాయనిర్ణేత వచ్చారు. సెషన్ టైమ్ అయిపోయింది, అడ్జర్న్‌మెంట్ (ఆట మర్నాటికి వాయిదా). ఈ తరానికి ఆ పద్ధతే తెలీదు. ఎత్తు ఎవరిదైతే వాళ్ళు తమ ఎత్తుని బోర్డు మీద ఆడకుండా స్కోర్‌షీట్ మీద రహస్యంగా రాసి, కవరులో పెట్టి అంటించి ఆర్బిటర్‌కి ఇవ్వాలి. కవరు మీద ఇద్దరి పేర్లు, ఎవరు ఎంత టైమ్ వాడారు, బోర్డు మీద ఏ పావు ఎక్కడుంది అన్నీ రాస్తారు. మర్నాడు కవరు తెరిచి అక్కణ్ణించి ఆట కొనసాగిస్తారు. ఈలోగా రాత్రంతా ఇద్దరూ ఆలోచించుకోవచ్చు. రాసిన ఎత్తు మాత్రం మారదు, అది రెండోవాడికి తెలియదు.

ఆయన ఎడమ చెయ్యి గోడలా అడ్డం పెట్టి రాయడానికి వంగారు. చూడటం మర్యాద కాదని నేను లేచి కాస్త దూరంగా నిలబడ్డాను. పెన్ను కాగితం దాకా వెళ్ళింది, ఆగింది. ఆయన తలెత్తి బోర్డు మీద ఎక్కడో కుడి మూల చూశారు. మళ్ళీ వంగి రాశారు. కవరు అంచుని బొటనవేలితో రెండుసార్లు ఒత్తి ఇచ్చేశారు.

ఆ రాత్రి నా స్నేహితుడి దగ్గరున్న అయస్కాంతం బోర్డు ముందేసుకుని కూర్చున్నాం. అరచేతిలో పట్టే సెట్టు అది, ఒక నల్ల బంటు పోతే దాని స్థానంలో గుండీ పెట్టుకున్నాం. వాడు నల్లవాడు, నేను తెల్లవాణ్ణి. వాడు ఎవరైనా ఆడే ఎత్తే ఆడాడు, రాజు ఇ6. ఇ5 బంటు మీదకి వస్తోంది కాబట్టి నేను రాజుని ఇ4కి తెచ్చాను. ఇప్పుడు రాజులు ఎదురెదురు, మధ్యలో నా బంటు. నల్ల రాజు తప్పుకుంటే నాది దూసుకుపోతుంది. తప్పుకోకుండా ఉండాలంటే ఇంకో ఎత్తు కావాలి. వాడికి ఒకటుంది, సి7 బంటుని సి6కి. నాకూ ఒకటుంది, హెచ్2 బంటుని హెచ్3కి. వాడు సి6 అన్నాడు, నేను హెచ్3 అన్నాను. అంతే, జుగ్‌జ్వాంగ్: ఏ ఎత్తు వేసినా నష్టమే, వెయ్యక తప్పదు. వాడి రాజు వెనక్కి వెళ్ళక తప్పదు, నా రాజు ఎఫ్5లోకి దిగుతుంది, హెచ్6, జి5 బంట్లు రాలిపోతాయి. ఎన్నిసార్లు తిప్పినా నేనే గెలుస్తున్నాను.

‘ఒకవేళ ఆయన డి7కి వెళ్తే?’ అన్నాడు వాడు, ఆవలిస్తూ.

వెళ్తే ఏముంది, నేను ఇ4కి వస్తానన్నాను. వాడు రాజుని ఇ6కి తెచ్చాడు. రాజులు మళ్ళీ ఎదురెదురే. కానీ ఈసారి ఎత్తు నాది. హెచ్3 అన్నాను, వాడు సి6 అన్నాడు. నా దగ్గర ఇంకేం లేదు. ఆయన జి5 బంటు ఎఫ్4 గడిని కాస్తోంది, సి5 బంటు డి4ని కాస్తోంది. నా రాజు ఇ4 వదిలితే ఇ5 బంటు పోతుంది. అదే బోర్డు, అవే బంట్లు, ఒక్క ఎత్తు తేడాతో ఇరకాటం నా మీదకి తిరిగింది!

నిద్ర ఎగిరిపోయింది. లెక్క తేలేసరికి చాలా పొద్దుపోయింది. ఇ4కి, ఇ6కి ఎవరు ముందు అడుగుపెడితే వాళ్ళే చిక్కుతారు. కాబట్టి నల్లవాడు డి7కి వస్తే నేను ఇ3కి వెళ్ళి కాచుకోవాలి, ఆయనా ఇ7కి వచ్చి కాచుకుంటారు. ఇద్దరం అలా తిరుగుతూ ఉండాల్సిందే. పైగా కాచుకునే ఈ ఆటలో ఎవరూ తమ దాపుడు ఎత్తుని ముట్టుకోకూడదు. ఆయన తొందరపడి సి6 ఆడితే నేను ధీమాగా ఇ4కి వచ్చేయొచ్చు, నాకు హెచ్3 మిగిలి ఉంటుంది. నేను తొందరపడి హెచ్3 ఆడితే ఆయన ధీమాగా ఇ6కి వస్తారు. ఆట మొదలైనప్పటి నుంచీ కదలని బంట్లు బోర్డు మీద రెండే ఉన్నాయి, నా హెచ్2, ఆయన సి7. ఆట మొత్తం వాటి మీద వేలాడుతోంది.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే తట్టింది. నాలుగో ఎత్తులో నేను బిషప్‌ని ఇచ్చి మరీ ఆయనకి అంటగట్టిన రోగం ఆ జంట బంట్లు. వాటిలో ముందుది డి4 మూసి నా రాజుకి దారి లేకుండా చేసింది, వెనకది ఆయనకి కావలసిన ఒక్క అదనపు ఎత్తునీ దాచిపెట్టింది. జంట బంట్లంటే లోపమేనని గుడ్డిగా నమ్మడం నేను మానేసింది అప్పుడే. చాలా ఏళ్ళ తర్వాత 2000లో లండన్‌లో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో క్రామ్నిక్, రూయ్ లోపెజ్‌కే ఇంకో జవాబైన బెర్లిన్ డిఫెన్స్‌తో కోరి మరీ అలాంటి జంట బంట్లు తెచ్చుకుని, క్వీన్లు లేకుండా కూర్చుంటే, ఛాంపియన్ కాస్పరోవ్ ఆ మ్యాచ్ మొత్తంలో ఒక్క ఆటా గెలవలేకపోయాడు. టైటిల్ చేతులు మారింది. ఆ వార్త చదువుతుంటే నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ సి7 బంటే.

సరే, ఇ6 అయితే గెలుపు, డి7 అయితే డ్రా. కవరులో ఏముందో ఆ రాత్రి ఊహించడం తప్ప చేసేదేం లేదు. స్నేహితుడు మాత్రం ‘అంతసేపు ఆడి అలిసిపోయిన మనిషి ఇ6 కాక ఇంకేం రాస్తాడు’ అని తేల్చేసి పడుకున్నాడు. నేను మాత్రం ఆయన రాయబోయి ఆగి కుడి మూలకి చూసిన చూపు దగ్గరే ఆగిపోయాను. నల్లపావుల వైపు కూర్చున్నవాడికి హెచ్2 ఎక్కడుంటుంది? దూరంగా ఎడమ వైపు. నా వైపు నుంచి చూస్తేనే కుడి. నేను నిలబడ్డది ఏ వైపో ఎంత గుర్తు చేసుకున్నా తేలలేదు.

పొద్దున్న ఆర్బిటర్ పావులు పేర్చి, కవరు మీది బొమ్మతో సరిచూసుకున్నారు. జవాబు ఇవ్వాల్సినవాడు ఎదురుగా ఉంటేనే కవరు తెరవాలి, అది నియమం. నేను కూర్చున్నాక తెరిచారు. కాగితం విప్పి, నల్ల రాజుని ఎత్తి డి7లో పెట్టి, నా గడియారం నడిపించారు.

నేను ఇ3. ఆయన ఇ7. నేను డి3. ఆయన డి7. ఇద్దరికీ తెలుసని ఇద్దరికీ తెలిసిపోయింది. అయినా డ్రా అడగబుద్ధి కాలేదు, ఆయన అలసి సి బంటుని తోస్తారేమోనని చిన్న ఆశ. మళ్ళీ ఇ3కి వెళ్ళాను. అప్పుడు ఆయన చెయ్యి నేరుగా సి7 బంటు మీదకి వెళ్ళింది. ముట్టుకుంటే ఆడి తీరాలి కదా! నా గుండె ఆగినంత పనైంది. ఆయన మెల్లగా ‘అడ్జస్ట్’ అన్నారు, బంటుని గడి మధ్యకి సర్దారు, చెయ్యి వెనక్కి తీసి రాజుని ఇ7కి జరిపారు. మొహంలో ఏమీ లేదు గానీ, కావాలనే చేశారని నేను ఇప్పటికీ నమ్ముతాను. నవ్వొచ్చి చెయ్యి చాపాను. డ్రా.

ఆట తర్వాత ఇద్దరం ఖాళీ బోర్డు దగ్గర కూర్చుని మొదటి నుంచీ చూసుకున్నాం.

‘సార్, డి7 రాత్రి చూశారా, నిన్న బోర్డు మీదే చూశారా?’ అన్నాను. కవరు ముందే ఇచ్చేశారన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

‘రాత్రి చూసి ఏం లాభం బాబూ, కాగితం వాళ్ళ దగ్గరుంటే’ అన్నారు. ‘ఇ6 రాద్దామనే పెన్ను పెట్టా. నీ హెచ్ బంటు ఇంకా ఇంట్లోనే ఉందని అప్పుడు కనపడింది.’

ఐదో ఎత్తులో బిషప్‌ని జి4కి ఎందుకు తేలేదని కూడా అడిగాను. తెద్దామనుకున్నారట. ‘నువ్వు క్యాస్లింగ్ చేసి హెచ్3 గడి వంకే చూస్తున్నావు. బాగా తయారై వచ్చావనుకున్నా’ అన్నారు. తెచ్చి ఉంటే నేను హెచ్3 ఆడేవాణ్ణి, ఆ బంటు హెచ్2లో ఉండేదే కాదు. ఆ లెక్కన ఆయన ఇ6 రాసినా గెలుపు నాకు దక్కేది కాదు. అసలు అలాంటి ముగింపే వచ్చేది కాదనుకోండి, అది వేరే సంగతి.

కంప్యూటర్లు బలపడ్డాక 1990ల్లో అడ్జర్న్‌మెంట్లు మెల్లగా పోయాయి. పోవడమే న్యాయం, రాత్రి గదిలో యంత్రం ఆడిపెడితే అది ఆటెలా అవుతుంది? ఆ స్థితిని ఈమధ్య ఫోన్‌లో పెట్టి చూశాను. కళ్ళు మూసి తెరిచేలోగా సున్నా సున్నా, అంటే ఇద్దరూ సమానమే అని చూపించింది. మేం గుండీని బంటుగా పెట్టుకుని సగం రాత్రి తిప్పింది అదే.

ఆ పెద్దాయనతో ఇంకోసారి ఆడాను, వేరే టోర్నమెంటులో. ఈసారి నావి నల్లపావులు. ఇ4, ఇ5, గుర్రాలు వచ్చాయి, ఆయన బిషప్ బి5కి వచ్చింది. నేను ఎ6 ఆడాను. ఆయన పెన్ను తీసి ఎత్తు రాసుకుని, పెన్నుని కాగితం మీద అడ్డంగా పెట్టి, నా గుర్రాన్ని కొట్టేశారు.